ఒక పాట ఎక్కువ

నేను ఒక డబుల్ డెక్ క్యాసెట్ రికార్డర్‌ని. అంటే నాకు రెండు నోళ్లున్నాయి. ఎడమ నోట్లో పెట్టిన క్యాసెట్ పాడుతుంటే, కుడి నోట్లో పెట్టిన ఖాళీ క్యాసెట్ ఆ పాటను ఎక్కించుకుంటుంది. రెండు నోళ్లున్నా ఇన్నేళ్లలో నా సొంత మాట ఒక్కటీ బయటికి రాలేదు. ఇప్పుడు అవకాశం దొరికింది కదా అని కాస్త ఎక్కువ మాట్లాడితే మన్నించండి.

పుట్టింది జపాన్‌లో. తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నాకు మోటారు బిగించి, పరీక్ష టేపు పెట్టి, చెవి ఒగ్గి విని, నా వేగం సరిగ్గా ఉందని తల ఊపి పక్కకు పంపింది. ఆ తరువాత సుమారు ఏడాదిపాటు నేను నూటికి నూరు పాళ్లు నిజాయితీగా బతికాను. అంతకు మించి చెప్పుకోలేను.

సింగపూర్‌లో నన్ను కొన్నది ఓడలో పనిచేసే ఒక విశాఖపట్నం మనిషి. మూడు లుంగీల్లో చుట్టి ఎంతో మురిపెంగా ఇంటికి తెచ్చాడు. అతని భార్య నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో పిండి రుబ్బుకోమంటావేటి? గ్రైండర్ తెమ్మన్నాను కదా," అంది. వారం తిరక్కుండా నేను డాబా గార్డెన్స్‌లోని స్వరమాల రికార్డింగ్ సెంటర్‌కు చేరాను.

రికార్డింగ్ సెంటర్ అంటే ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. జనం తమకు కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసుకుని, ఒక ఖాళీ క్యాసెట్‌తో సహా ఇచ్చి వెళ్లేవారు. రెండు రోజులకు వస్తే ఆ పాటలన్నీ వరసగా ఎక్కించి ఇచ్చేవాళ్లు. స్వరమాల యజమాని కోరాడ నీలకంఠం. ఇస్త్రీ నలగని పొట్టి చేతుల చొక్కా, మెడలో దండలాగా ఎప్పుడూ హెడ్‌ఫోన్లు. పాడటం రాదు గానీ వినడం వచ్చిన మనిషి. ఈ రెండోది మొదటిదానికన్నా అరుదని నా అనుభవం.

అప్పట్లో అరవై నిమిషాల క్యాసెట్‌దే రాజ్యం. జనం తెచ్చే చీటీలు మాత్రం అరవై నిమిషాలకు ఒదిగేవి కావు. చివరి పాట చరణం మధ్యలో టేపు అయిపోయేది. "నా పాట పీక నులిమీసారు," అని కౌంటర్ దగ్గర రోజూ తగవే. నీలకంఠం వారం రోజులు ఆలోచించి, ఒక మధ్యాహ్నం షట్టర్ సగం దించి, నన్ను బోర్లా పడుకోబెట్టాడు. నా మోటారు వెనక ఒక సన్నటి రంధ్రం ఉంది. అందులో వేగం మార్చే స్క్రూ ఉంటుంది. దాన్ని పిసరంత ఎడమకు తిప్పాడు.

అంతే, నేను నెమ్మదించాను. టేపు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి అదే క్యాసెట్‌లో ఒక పాట ఎక్కువ పట్టింది. ఇక్కడే ఒక చిక్కుంది. నెమ్మదిగా ఎక్కించిన పాటను తీసుకెళ్లి ఇంట్లో సరైన వేగంతో తిరిగే టేప్‌రికార్డర్‌లో పెడితే, పాట తొందరగా సాగుతుంది, గొంతు అర శృతి పైకి లేస్తుంది. నాలోనే పెట్టి వింటే మాత్రం మామూలుగా వినిపిస్తుంది, ఎందుకంటే నేను ఎక్కించినంత నెమ్మదిగానే తిప్పి వినిపిస్తాను. నాలోంచి వినేది హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నీలకంఠం ఒక్కడే. ఊరంతా తమ తమ ఇళ్లలో వినేది.

ఎవరైనా పట్టేస్తారని నేను భయపడ్డాను. ఒక్కరూ పట్టలేదు. పైగా "స్వరమాల రికార్డింగ్ అంటే హుషారే వేరు," అని పేరొచ్చింది. తప్పు తమకు అనుకూలంగా ఉంటే మనుషులు దానికి వెంటనే ఒక మంచి పేరు పెట్టేస్తారు.

ఎనభై ఏడు ఎండాకాలంలో, ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన ఒక ఓడలోని వంటవాడు చంకలో ఒక రికార్డు పెట్టుకుని షాపుకొచ్చాడు. ఓడలో రికార్డు ప్లేయర్ లేదట. సాయంత్రం ఓడ బయలుదేరేలోగా క్యాసెట్‌లోకి ఎక్కించి ఇమ్మన్నాడు. అట్ట మీద నల్లటి బొగ్గు గని, దాని ముందు పొడుగు జుట్టుతో అయిదుగురు తెల్లవాళ్లు. బ్యాండ్ పేరు కోల్ సెయింట్స్. పాడేవాడి పేరు రాన్.

రికార్డు తిరగడం మొదలవగానే నీలకంఠం హెడ్‌ఫోన్లు తీసి నన్ను వాసన చూశాడు. నా లోపల ఏదో కాలిపోతోందనుకున్నాడు పాపం. కాలడం లేదని తేలాక మళ్లీ పెట్టుకుని, ఈసారి తీయలేదు. వంటవాడికి ఒక క్యాసెట్ ఇచ్చి, తన కోసం ఇంకొకటి ఉంచుకున్నాడు. సాయంత్రం రికార్డు ఓడెక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే, రికార్డు ఇంకా తిరుగుతుండగా, సూరాడ ఎల్లాజీ మెట్లెక్కి వచ్చాడు. జాలారిపేట కుర్రాడు, పాలిటెక్నిక్‌లో అప్పుడే చేరాడు. అక్క పెళ్లి పందిట్లో వేయడానికి పాటల చీటీ తెచ్చాడు. రికార్డు ప్లేయర్‌కు తగిలించిన స్పీకర్‌లోంచి ఆ మోత విని, మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఇదేటండీ గురూగారూ?"

"ఏమోరా. ఇంగ్లీషువాళ్ల పూనకంలాగుంది."

"నాకొక కాపీ తీసీయండి."

అక్క పెళ్లి చీటీ కౌంటర్ మీదే మరిచిపోయి వెళ్లాడు. ఆ పెళ్లి పాటలు లేకుండానే జరిగిందని తరువాత తెలిసింది.

ఆ ఒక్క క్యాసెట్ నుంచి నేను తీసిన కాపీలు ఊరంతా పాకాయి. పాలిటెక్నిక్, పోర్టు క్వార్టర్లు, రైల్వే కాలనీ. వాళ్లంతా సాయంత్రాలు స్వరమాల మెట్ల మీద చేరేవారు కాబట్టి మెట్ల బ్యాచ్ అని పేరు పడింది. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. కోల్ సెయింట్స్ కొత్త ఆల్బం ఏదొచ్చినా ముందుగా ఎవరూ ఒంటరిగా వినకూడదు. అందరూ మెట్ల మీద కూర్చుని, ఎవరో ఒకరు ఇంటి నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాలి. బైకుల సీటు కవర్లు కుట్టే గంట్ల బెనర్జీ ఒకసారి ఆత్రం ఆపుకోలేక ముందే వినేసి దొరికిపోయాడు. నెల రోజులు వాడితో ఎవరూ మాట్లాడలేదు. వాడు ఏడ్చినంత పని చేశాడు.

వంటవాడు తెచ్చిన రికార్డే వాళ్ల మొదటి ఆల్బం. అందులో 'లాంప్ నంబర్ నైన్' అనే పాట ఉంది. గని కూలిపోయి లోపల చిక్కుకున్నవాడు పైనున్నవాళ్లను పిలిచే పాట. చివర్లో రాన్ ఒక కేక అందుకుంటాడు. పదకొండు సెకన్లు. ఎల్లాజీ ఆ కేక మీద మనసు పడ్డాడు. తెల్లారుతూనే జెట్టీ చివరికి వెళ్లి సముద్రం వైపు తిరిగి సాధన చేసేవాడు. మొదటి రోజు రెండు పడవలు ఎవరో నీళ్లలో పడిపోయారనుకుని వెనక్కి తిరిగి వచ్చాయట.

మధ్యాహ్నాలు నా పక్కనే, షాపు వెనక గదిలో కూర్చుని పాడేవాడు. గొంతు మెట్టు మెట్టుగా లేచి, ఒకచోట నిండుగా, తేటగా నిలబడేది. అక్కడికి రాగానే తల అడ్డంగా ఊపి ఆపేసేవాడు. "ఇంకా అర శృతి ఉంది గురూగారూ. ఆ అర శృతే నన్ను సంపేత్తంది," అనేవాడు. నాకు మాత్రం లోపల టేపు బిగుసుకుపోయినట్టుండేది. ఎందుకంటే అతను చాలలేదని ఆపిన చోటే రికార్డులో రాన్ ఆగాడు. ఆ పైనున్న అర శృతి రాన్‌ది కాదు. నాది, నా వెనకనున్న స్క్రూది.

తొంభైలో బీచ్ రోడ్డు మీద బ్యాండ్ల పోటీ పెట్టారు. మద్రాసు నుంచి ఒక సంగీత బృందం నాయకుడు న్యాయనిర్ణేతగా వచ్చాడు. బాగా పాడినవాణ్ని తనతో తీసుకెళతానని ముందే ప్రకటించాడు. ఎల్లాజీ మరో ముగ్గురితో కలిసి 'రింగు వల' అని బ్యాండ్ పెట్టి, గిటార్లన్నీ మా టేపుకు సరిపోయేలా అర శృతి పైకి బిగించుకుని స్టేజీ ఎక్కాడు. పాట అద్భుతంగా సాగిందట. చివరి కేక దగ్గర, ఎవరూ ఏనాడూ పాడని ఎత్తుకు ఎగబోయి, గొంతు చీలిపోయింది. జనం ఎగతాళిగా ఈలలు వేశారు. మద్రాసు ఆయన తల దించుకుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

నేను అక్కడ లేను. మూడో వరసలో నీలకంఠం ఉన్నాడు. ఆ రోజు అతను షాపుకు తిరిగొచ్చి, లైటు కూడా వేయకుండా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలో ఆ పాట వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. తరువాత నన్ను తిప్పి వెనకనున్న రంధ్రం వంక చాలాసేపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది, అతనికి అర్థమైందని.

రేపు చెబుదామనుకున్నాడు. మరునాడు ఎల్లాజీ రాలేదు. ఇంటికెళ్లి చెప్పవచ్చు. కానీ చెబితే స్వరమాల క్యాసెట్లన్నీ తప్పని ఊరంతటికీ తెలుస్తుంది. స్క్రూ సరిచేసినా తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. కాబట్టి స్క్రూ అలాగే ఉంది, మాట అలాగే ఉంది. ఎల్లాజీ పాట మానేశాడు. చదువూ మానేసి ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పిలిచేవాడిగా చేరాడు. మెట్ల మీదకు మళ్లీ రాలేదు.

తరువాతి ఆల్బంలు రికార్డులుగా కాక క్యాసెట్లుగానే వచ్చాయి. నా రెండు నోళ్లూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి కాపీల్లో తేడా రాలేదు. దాంతో బ్యాచ్ ఒక సిద్ధాంతం తయారు చేసింది: మొదటి ఆల్బంలో ఉన్న గొంతు రాన్‌కు మళ్లీ రాలేదు. సీడీలు వచ్చాక మొదటి ఆల్బం అసలు శృతిలో వినిపించింది. అప్పటికైనా అనుమానం రావాలి కదా? "కంపెనీవాళ్లు నెమ్మది చేసి పాడుచేసీసారు," అన్నాడు బెనర్జీ. అందరూ అవునన్నారు. ప్రాణంగా ప్రేమించినదాని గురించి మనుషులకు నిజం చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

క్యాసెట్ల కాలం పోయింది. స్వరమాల జిరాక్స్ సెంటర్ అయింది. నీలకంఠం కూతురు హైమవతి నడుపుతోంది. ఆమె కాలేజీ రోజుల్లోనే మెట్ల బ్యాచ్‌లో చేరిన మనిషి, రాన్ పేరు చెబితే జిరాక్స్ కాగితం తలకిందులుగా పెట్టేస్తుంది. నన్ను అటక మీద పెట్టారు. పద్దెనిమిదేళ్లు అక్కడ రేషన్ కార్డుల, ఆధార్ కార్డుల నకళ్లు తీసే చప్పుడు వింటూ గడిపాను. అదీ నా వృత్తే అయినా ఆ మెషీన్‌కు శృతి బాధ లేదు.

కిందటేడు ఒక ఉదయం కింద నుంచి హైమ కేక వినిపించింది. కోల్ సెయింట్స్ పందొమ్మిదేళ్ల తరువాత కొత్త ఆల్బం తెస్తున్నారు. పేరు 'లాస్ట్ షిఫ్ట్'. ఇదే ఆఖరుదని వాళ్లే ప్రకటించారు. రాన్‌కు అరవై తొమ్మిదేళ్లు.

ఇక చూడండి సంబరం. ఫోన్లలో మెట్ల బ్యాచ్ గుంపు ఒకటుంది. అంతకు ముందు అందులో పుట్టినరోజు కేకుల బొమ్మలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు బెనర్జీ పొద్దున్నే ఇంకా ఎన్ని రోజులున్నాయో రాసేవాడు. తొంభై రెండు. తొంభై ఒకటి. మనవలున్న మనుషులు అట్ట మీది బొమ్మలో దీపాలు తొమ్మిదున్నాయా పదా అని పోట్లాడుకున్నారు. రాన్‌కు గొంతు ఆపరేషన్ అయిందని ఒకరు రాస్తే, మరొకరు కనకమహాలక్ష్మికి కొబ్బరికాయ మొక్కుకున్నారు. విడుదల రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ బెనర్జీ లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. ముందుగా ఒక పాట ఫోన్లలో వదిలినా కట్టుబాటు ప్రకారం ఒక్కరూ వినలేదు. హైమ చూపుడువేలు మాత్రం రెండుసార్లు ఫోన్‌లో ఆ పాట బొమ్మ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

ఈ కాలంలో కూడా ఆల్బంను క్యాసెట్‌గా తెస్తున్నారట, పాత అభిమానుల ముచ్చట కోసం. హైమ ఒకటి తెప్పించింది. క్యాసెట్ వస్తే వినడానికి నేను కావాలి. నన్ను అటక దించారు. డెబ్బై ఆరేళ్ల నీలకంఠం నా దుమ్ము తుడిచి, సాగిపోయిన రబ్బరు బెల్టు మార్చి, "ఇంకా బతికే ఉన్నావే," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వారంలోనే ఒక వింత జరిగింది. గుంపులో ఎల్లాజీ కూడా ఉన్నాడు. ఎవరో చేర్చారు. అన్నీ చూస్తాడు గానీ ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు రాశాడు: "ఆఖరుది కాబట్టి నేనూ వస్తాను."

గుంపంతా చప్పట్లు. హైమ ఆ సంగతి నీలకంఠానికి చదివి వినిపించింది. మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లాక స్క్రూడ్రైవర్ తీసుకుని నన్ను బోర్లా తిప్పాడు.

నాకు విషయం తెలుసు. స్క్రూ ఇలాగే ఉంటే కొత్త క్యాసెట్ నాలో నెమ్మదిగా తిరిగి, రాన్ గొంతు అర శృతి కిందికి జారుతుంది. ముసలాయన పనైపోయిందని అందరూ బాధపడతారు. కాబట్టి స్క్రూ సరిచేయాల్సిందే. ఎవరూ లేనప్పుడు పిసరంత తిప్పేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నీలకంఠం స్క్రూడ్రైవర్ మొనను రంధ్రంలో పెట్టాడు. తీసేశాడు. మరునాడు మళ్లీ పెట్టాడు, మళ్లీ తీసేశాడు. చేయి వణికి కాదు, ఆ వంకతో తప్పించుకోనివ్వను. దొంగతనంగా చేసిన పనిని ఇంకోసారి దొంగతనంగా సరిచేయడానికి మనసొప్పలేదు.

శుక్రవారం ఆల్బం విడుదల. ఉదయం పదిగంటలకు అందరూ రావాలి. ఎల్లాజీ తొమ్మిదికే వచ్చాడు, వేలం ముగించుకుని నేరుగా. చొక్కా మీద అక్కడక్కడా పొలుసులు. జుట్టు సగం నెరిసింది. వేలం పిలిచీ పిలిచీ గొంతు గరుకెక్కింది. హైమ "రా అన్నయ్యా," అని కుర్చీ వేసింది.

నీలకంఠం కుశలం కూడా అడగలేదు. స్క్రూడ్రైవర్ అతని చేతిలో పెట్టాడు.

"ఒరే ఎల్లాజీ, ఈ స్క్రూ కుడికి తిప్పాలిరా."

"ఏటిది గురూగారూ?"

"స్పీడుది."

"ఎప్పుడూ బాగానే తిరిగీది కదా?"

"లేదురా. ఎప్పుడూ బాగా తిరగలేదు." నీలకంఠం బల్ల అంచు పట్టుకున్నాడు. "క్యాసెట్‌లో ఒక పాట ఎక్కువ పడతాదని నేనే నెమ్మది చేసీసాను. ఆ రికార్డు ఎక్కించినప్పుడూ అలాగే ఉంది. మీరంతా ఇళ్లలో విన్న గొంతు అర శృతి పైకి పోయింది. రాన్ అంత ఎత్తుకి ఎప్పుడూ పాడలేదు. నువ్వు ఈ గదిలో పాడి, చాల్లేదు చాల్లేదని ఆపీసేవాడివి చూడు, అదేరా అసలు పాట."

హైమ జిరాక్స్ మెషీన్ ఆపేసింది.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు ఎల్లాజీ.

"పోటీ రోజున. నువ్వు పాడతా ఉండగా."

"మరి స్టేజీ ఎనకాల నా బుజం మీద సెయ్యేసి, అందరికీ అన్నీ అందవురా అన్నారు. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

ఆ మాట నాకూ కొత్త. ముప్పై నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉన్నా నీలకంఠం ఆ సంగతి హెడ్‌ఫోన్లతో కూడా చెప్పుకోలేదు. సిగ్గుపడ్డాను, అతని కోసమూ, నా కోసమూ.

ఎల్లాజీ గట్టిగా అరవలేదు. అరిస్తే బాగుండేదని అనిపించింది. "మా ఆడది ఎన్నిసార్లు అడిగిందో. ఒక్క పాట పాడనేదు నాను. బిడ్డల్ని ఉయ్యాలూపినప్పుడు కూడా పాడనేదు. నా గొంతు అబద్దమనుకున్నాను," అన్నాడు.

నీలకంఠం చేతులు జోడించబోయాడు. ఎల్లాజీ అటు చూడలేదు. "ఆ పాట పెట్టండి. తిప్పకముందే," అన్నాడు.

ఎనభై ఏడు నాటి ఆ క్యాసెట్‌ను నా ఎడమ నోట్లో పెట్టారు. ఈసారి హెడ్‌ఫోన్లకు కాదు, స్పీకర్‌కు. నెమ్మదిగా ఎక్కించినదాన్ని అంతే నెమ్మదిగా తిప్పాను. రాన్ తన సొంత శృతిలో వచ్చాడు. కేక దగ్గరికి రాగానే ఎల్లాజీ కళ్లు మూసుకున్నాడు. "ఇదేనా?" అన్నాడు. "ఇదే," అన్నాడు నీలకంఠం.

పాట వెనక్కి తిప్పించి, ఈసారి తనూ అందుకున్నాడు. గరుకు గొంతు లేచింది. లేచి, ఇంకొక్క మెట్టుందనగా చీలిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే. యాభై నాలుగేళ్లు, అందులో ముప్పై ఏళ్లకు పైగా వేలం.

"ఇప్పుడు అందదు," అన్నాడు. "అప్పుడు అందింది కదండీ?"

"అందింది."

"మల్లీ సెప్పండి."

"అందిందిరా నాన్నా. నీకు అందింది."

ఎల్లాజీ పొలుసులంటిన చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. హైమ లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చింది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఆ గదిలో ఓదార్పు అనే మాటకు అప్పటికే చెడ్డపేరు వచ్చి ఉంది.

తరువాత అతనే స్క్రూ తిప్పాడు. కోల్ సెయింట్స్ రెండో ఆల్బం కంపెనీ క్యాసెట్ ఒకటి నాలో పెట్టి, అదే పాట హైమ ఫోన్‌లో వేయించి, రెండింటినీ ఒకేసారి విన్నాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపు," అని తనకు తనే చెప్పుకుంటూ, రెండు గొంతులూ ఒకటయ్యేదాకా తిప్పాడు. ఆ తెల్ల తొడుగుల అమ్మాయి తరువాత నన్ను సరైన వేగానికి తెచ్చినవాడు అతనే. అంత మంచి చెవి ఇన్నేళ్లు చేపల ధరలు వింది.

పదిగంటలకు బ్యాచ్ వచ్చింది. పదకొండు మంది. ఇద్దరికి మోకాళ్లు మెట్ల మీద కూర్చోనివ్వలేదు, వాళ్లకు కుర్చీలు. నీలకంఠం అందరి ముందూ నిలబడి, అదే సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. బెనర్జీ గొంతు సవరించుకున్నాడు.

"ఊరుకోండి గురూగారూ. మన టేపే కరెక్టు. తన పాట అలా పాడాలని రాన్‌కే తెలీదు."

ఎల్లాజీ నవ్వాడు. అతను నవ్వాక మిగిలినవాళ్లు నవ్వారు.

'లాస్ట్ షిఫ్ట్' వేశారు. ఇంతకాలం ఎదురుచూసినదాని గురించి నా మాట అడిగితే, బాగుంది. రాన్ గొంతు తగ్గింది. పూర్వంలా ఎగరలేదు. ఎత్తైన చోట్లన్నీ గిటార్లకు వదిలేసి, తాను కింద నిలబడి నింపాదిగా పాడాడు. ఒకచోట ఊపిరి అందక పదం చివర తెగింది. దాన్ని అలాగే ఉంచారు. చివరి పాట అయ్యాక టేపు టక్కున ఆగింది. హైమ కళ్లు తుడుచుకుంటోంది.

"ఆడికీ తగ్గింది," అన్నాడు ఎల్లాజీ. "గొంతు ఉన్నకాడికే పాడుకున్నాడు. బాగుంది."

అందరితోనూ చెప్పి వెళ్లాడు, నీలకంఠంతో తప్ప. ముసలాయన మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాడు. తరువాతి శుక్రవారం ఎవరూ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. నీలకంఠం మాత్రం రెండు రోజులూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొమ్మిది నుంచి వీధి వంక చూశాడు.

మూడో శుక్రవారం ఎల్లాజీ వచ్చాడు. చేతిలో ఒక ఖాళీ క్యాసెట్, ఎక్కడ సంపాదించాడో. చంకలో మైకు, వేలంలో వాడేదే.

"ఎక్కించాలి," అన్నాడు. ముందుగా నన్ను తిప్పి స్క్రూ చూసుకున్నాడు. కంపెనీ క్యాసెట్ పెట్టి, ఫోన్‌తో సరిపోల్చి, వేగం మారలేదని రూఢి చేసుకున్నాడు. "నమ్మకం నేదండి. ఏటనుకోకండి," అన్నాడు. నీలకంఠం ఏమీ అనుకోలేదు. అనుకునే హక్కు తనకు లేదన్నట్టు తల ఊపి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఎల్లాజీ 'లాంప్ నంబర్ నైన్' పాడాడు. గిటారు లేదు, డ్రమ్ములు లేవు. బల్ల మీద చేత్తో దరువు. రాన్ కన్నా రెండు శృతులు కిందికి దించుకున్నాడు. గనిలో చిక్కుకున్నవాడి కేక దగ్గర పైకి ఎగబోలేదు. తన గొంతు నిలబడే చోటే నిలబడి, పదకొండు సెకన్లూ పూర్తిగా పిలిచాడు. వీధిలో ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. జిరాక్స్ కోసం వచ్చినామె తన వంతు మరిచిపోయింది. నేను నా కుడి నోట్లో ఆ గొంతును ఎంత ఉందో అంతే, పిసరంత కూడా పెంచకుండా, తగ్గించకుండా ఎక్కించుకున్నాను. ఇన్ని వేల పాటలు ఎక్కించాను, ఇంత భయంగా దేన్నీ ఎక్కించలేదు.

తిరిగి వేసి వినిపిస్తే ఎల్లాజీ ముఖం చిట్లించాడు. "ముసలిదయిపోనాది," అన్నాడు. చెరిపేయమని మాత్రం అనలేదు.

నీలకంఠం క్యాసెట్ తీసి, కళ్లజోడు సరిచేసుకుని, అట్ట మీద పాట పేరు రాశాడు. దాని కింద 'పాడినవారు: సూరాడ ఎల్లాజీ' అని రాశాడు. ఎల్లాజీ ఆ సిరా ఆరేదాకా రెండు చేతులతో పట్టుకుని నిలబడి, తరువాత చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లో టేప్‌రికార్డర్ ఉందా?" అడిగింది హైమ.

"నేదు. దీన్నే పట్టుకుపోతాను, రేపు తెచ్చి ఇచ్చీస్తాను," అన్నాడు ఎల్లాజీ, నా వైరు చుడుతూ. "మా ఆడది వినాలి."